మనసుకి మందు, ఒంటికి ఇబ్బంది: సంఘానికి ఒక మాట



ఈ వారం రాస్తున్నది ఎప్పుడూ రాసే వాక్య ధ్యానం లాంటిది కాదు. డిప్రెషన్‌కి మందులు వాడుతున్న మన సంఘస్తుల గురించి, ఆ మందులు మొదలుపెట్టిన తర్వాత వాళ్ళ ఒంట్లో తలెత్తే ఇబ్బందుల గురించి రాయాలనిపించింది. కడుపులో తిప్పడం, నోరు ఎండిపోవడం, నిద్ర చెడిపోవడం, కళ్ళు తిరగడం లాంటివి. వినడానికి చిన్న విషయాలే. కానీ మన పల్లెల్లో మనసు వైద్యం ఎక్కువగా ఆగిపోయేది ఈ చిన్న విషయాల దగ్గరే. ఎన్నో నెలలు సిగ్గుపడి, ఎవరికీ చెప్పుకోలేక, చివరికి బస్సెక్కి పట్నం వెళ్ళి డాక్టరుగారికి చూపించుకున్న మనిషి, మూడో వారం తిరక్కుండానే బిళ్ళలు పక్కన పెట్టేస్తాడు. ఎందుకయ్యా అంటే, "ఒంటికి పడలేదు పాస్టర్ గారూ" అంటాడు.

మందు వాడొచ్చా, వాడకూడదా? అది విశ్వాసలోపం కాదా? ఈ ప్రశ్న దగ్గర నేను ఎక్కువసేపు ఆగను. హిజ్కియా రాజు ప్రార్థన దేవుడు ఆలకించాడు. ఆ తర్వాత యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. తిమోతి కడుపు జబ్బుకి పౌలు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని సలహా చెప్పాడు. ఆ పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. ప్రార్థనా మందూ ఒక ఇంట్లో కలిసి ఉండలేవని చెప్పేవాళ్ళు ఈ ముగ్గురి సంగతీ ఏం చేస్తారో నాకు తెలియదు. ఆ వాదన నాకొద్దు. మందు మింగాక జరిగేది మాట్లాడుకుందాం.

టీబీ మందులు మన ఊళ్ళలో అందరికీ తెలుసు. ఆ బిళ్ళలు మింగితే మూత్రం ఎర్రగా వస్తుంది, కొందరికి వాంతులవుతాయి, కీళ్ళు నొప్పి పెడతాయి. అయినా ఆరు నెలలు మానకుండా వాడించాలని ఆశా వర్కరు ఇంటింటికీ తిరుగుతుంది. సంఘంలో ఎవరూ ఆ మనిషిని "నీకు విశ్వాసం లేదు, టీబీ బిళ్ళలు మానెయ్" అనరు. బీపీ మందుకి కాళ్ళ మడమల దగ్గర వాపు వస్తే డాక్టరు బిళ్ళ మారుస్తాడు. ఎవరికీ అదొక ఆత్మీయ సమస్యగా కనిపించదు. మనసు మందు దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క మారిపోతుంది. ఒక్క రోజు వికారం చేస్తే చాలు, "చూశావా, దేవుడే ఆపమని చెప్తున్నాడు" అనేవాళ్ళు నలుగురు తయారవుతారు.

టీబీ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. డిప్రెషన్ మందుల చరిత్ర టీబీ వార్డులోనే మొదలైంది. 1950 దశకం మొదట్లో న్యూయార్క్ నగరంలో స్టేటెన్ ఐలండ్‌లోని సీ వ్యూ ఆస్పత్రిలో టీబీ రోగులకు ఇప్రోనియాజిడ్ అనే కొత్త మందు ఇచ్చి చూశారు. ఊపిరితిత్తుల సంగతి అలా ఉంచితే, ఎప్పుడూ దిగులుగా పడి ఉండే రోగులు లేచి నవ్వడం, తిండి అడగడం మొదలుపెట్టారు. టీబీ కోసం తయారైన మందు మనసుని తేలిక చేసింది. దాని దుష్ప్రభావాల వల్ల తర్వాత ఆ మందు మూలపడింది. కానీ దిగులుకీ శరీరానికీ లంకె ఉందని వైద్యులకు అక్కడ తెలిసింది. ఆ వెనుక 1957 ప్రాంతంలో ఇమిప్రమిన్, 1987 చివర్లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూయోక్సెటిన్, తర్వాత సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ వచ్చాయి. మీ చీటీల మీద ఇప్పుడు ఎక్కువగా కనిపించే పేర్లు ఈ చివరివే.

ఈ మందుల విషయంలో ఒక కష్టమైన సంగతి ఉంది. ముందే తెలిస్తే సగం మంది నిలబడతారని నా నమ్మకం. ఇబ్బంది ముందు వస్తుంది, మేలు తర్వాత వస్తుంది. వికారం, తలనొప్పి, నిద్ర తేడా మొదటి రెండు మూడు రోజుల్లోనే మొదలవుతాయి. మనసు తేలికపడటం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. ఈ మధ్యలో ఉండే రోజులే అసలు పరీక్ష. దిగులు అలాగే ఉంది, దానికి తోడు కడుపులో తిప్పుడు. ఏ మనిషైనా మానేద్దామనే అనుకుంటాడు. కానీ చాలామందికి ఆ వికారం ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. ఈ మాట చెప్పే తీరిక పట్నంలో వందమంది రోగుల్ని చూసే డాక్టరుగారికి ఉండకపోవచ్చు. అది మనం చెప్పాలి.

మనసు మందుకి కడుపులో తిప్పడమేమిటని అడుగుతారు. ఈ మందులు సెరటోనిన్ అనే పదార్థం మీద పనిచేస్తాయి. అది మెదడులోనే ఉంటుందని అనుకుంటాం గాని, మన ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో నూటికి 90 వంతులు పేగుల్లోనే ఉంటుంది. అందుకని బిళ్ళ పని మొదట తెలిసేది కడుపుకే. వాంతి వచ్చేట్టుండటం, రెండు మూడుసార్లు విరేచనం కావడం దాని వల్లనే. మందు పడలేదని దానికి అర్థం కాదు.

వికారానికి మన వంటింట్లోనే ఉపాయాలున్నాయి. పరగడుపున మింగొద్దు, ఏదైనా తిన్నాక మింగండి. రెండు ఇడ్లీలు, కాస్త రాగి జావ, మజ్జిగ అన్నం, ఏదైనా సరే. ఒకేసారి కంచం నిండా పెట్టుకోకుండా కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినండి. మొదటి రెండు వారాలూ పచ్చిమిరపకాయ కారం, ఊరగాయ, నూనెలో వేగిన పిండివంటలు తగ్గించండి. పల్నాడు వాళ్ళతో కారం తగ్గించమని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా చెబుతున్నాను. ఖాళీ కడుపుతో టీ మీద టీ తాగడం కూడా మానండి.

ఇక్కడే మన సంఘ జీవితానికి సంబంధించిన ముఖ్యమైన విషయం ఉంది. ఉపవాసం. మనకి శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంది, శ్రమల దినాల్లో నలభై రోజుల ఉపవాసాలున్నాయి. ఆ నలభై రోజులూ మిరప కోతల కాలంలో పడతాయి. తెల్లవారుజామున లేచి, ఏమీ తినకుండా చేలోకి వెళ్ళి, ఎండలో కాయ కోసి, ఆ కడుపుతోనే బిళ్ళ మింగితే కళ్ళు తిరిగి పడిపోకుండా ఎలా ఉంటారు? కొందరు ఉపవాసం కదా అని నీళ్ళు కూడా ముట్టరు, బిళ్ళ అసలే ముట్టరు. వారానికి ఒకరోజు మందు తప్పుతుంది. కొన్ని మందులకి ఆ ఒక్కరోజు చాలు, మర్నాడు తల దిమ్ముగా, ఒళ్ళు జివ్వుమంటూ ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మనసు మందు వాడుతున్నవాళ్ళు అన్నపానాలు మానే ఉపవాసం చేయనక్కర్లేదు. ముఖ్యంగా మొదటి రెండు మూడు నెలలు. బదరీ చెట్టు కింద పడుకుని చచ్చిపోతే బాగుండునని కోరుకున్న ఏలీయాకి దేవుడు ముందు నిద్ర ఇచ్చాడు, తర్వాత దూతచేత రొట్టె, నీళ్ళు పంపించాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ తినిపించాడు. ప్రశ్నలడిగింది ఆ తర్వాతే. కుంగిపోయిన మనిషిని దేవుడే తినమన్నప్పుడు మనం పస్తు పెట్టడం ఏం భక్తి? అన్నం బదులు ఫోను మానండి, టీవీ మానండి. నన్నడిగితే కొందరికి అదే పెద్ద ఉపవాసం.

సర్వరాత్రి ప్రార్థన గురించి కూడా ఇదే మాట. ఈ జబ్బులో నిద్ర చెడితే జబ్బు ముదురుతుంది. కొందరికి ఈ మందులు నిద్ర పట్టనివ్వవు. అలాంటివాళ్ళు డాక్టరుగారినడిగి బిళ్ళ ఉదయానికి మార్చుకోవచ్చు. ఇంకొందరికి మత్తుగా ఉంటుంది, వాళ్ళు రాత్రికి మార్చుకోవచ్చు. మిర్టజాపిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి మామూలుగా రాత్రికే ఇస్తారు. పగలు మత్తుగా ఉన్నన్నాళ్ళు ట్రాక్టరు తోలొద్దు, బైకు మీద దూరాలు పోవద్దు. తెల్లవారేదాకా కూర్చోలేని సహోదరి తొమ్మిదింటికి ఇంటికి వెళ్ళిపోతే వెనకనుంచి గుసగుసలు వద్దు.

ఆవులింతల గురించి ఒక మాట. ఈ మందులు వాడే కొందరికి నిద్ర రాకపోయినా ఆపుకోలేనన్ని ఆవులింతలు వస్తాయి. ఇది నిజంగా ఆ మందుల దుష్ప్రభావాల్లో రాసి ఉన్న విషయమే. కాబట్టి ప్రసంగం మధ్యలో ఎవరైనా వరసగా ఆవులిస్తే పక్కవాళ్ళు మోచేత్తో పొడవకండి. అది మందు వల్ల కావచ్చు. నా ప్రసంగం వల్ల కూడా కావచ్చు. ఏదైనా ఆ మనిషి తప్పు కాదు.

నోరు ఎండిపోవడం, మలబద్ధకం పాతకాలపు మందులైన అమిట్రిప్టిలిన్, ఇమిప్రమిన్‌లతో ఎక్కువ. చిన్న సీసాలో నీళ్ళు దగ్గర పెట్టుకుని గుక్క గుక్కగా తాగండి. నాలుగు సోపు గింజలు నమలండి. చప్పరించే బిళ్ళలు, పంచదార ఎక్కువున్న డ్రింకులు వద్దు, ఎండిన నోట్లో పళ్ళు తొందరగా పుచ్చిపోతాయి. ఆకుకూర, జామకాయ, బొప్పాయి, నీళ్ళు, కాస్త నడక, వీటితో విరేచనం చాలావరకు సాఫీ అవుతుంది. ఇవే మందులు లేచి నిలబడినప్పుడు బీపీని ఒక్కసారిగా తగ్గిస్తాయి. పెద్దవాళ్ళు రాత్రి మూత్రానికి లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, కాళ్ళు కదిలించి, అప్పుడు లేవాలి. మన పెద్దల తుంటి ఎముకలు విరిగేది ఇలాంటి రాత్రులే.

చెమట కూడా అంతే. సెర్ట్రాలిన్ లాంటివాటితో కొందరికి ఒళ్ళంతా చెమట పోస్తుంది, ముఖ్యంగా రాత్రిపూట. మన వేసవిలో అది మందు చెమటో ఎండ చెమటో తెలుసుకోవడం కష్టం. పొలం పని చేసేవాళ్ళు ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ తప్పించుకోండి. పెద్ద వయసువాళ్ళకి ఇక్కడ ఇంకో ప్రమాదం ఉంది. ఈ మందులతో ఒంట్లో సోడియం, అంటే ఉప్పు శాతం, పడిపోవచ్చు. బీపీకి మూత్రం ఎక్కువగా వచ్చే బిళ్ళ కూడా వాడేవాళ్ళకి ఆ భయం మరీ ఎక్కువ. అరవై దాటిన అమ్మ ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతున్నా, నీరసంతో తూలుతున్నా, వయసు మీదపడిందని వదిలెయ్యకండి. ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది.

ఇప్పుడు రాయబోయేది సంఘంలో ఎవరూ నోరెత్తి మాట్లాడని విషయం. డిప్రెషన్ మందుల్లో చాలావాటికి దాంపత్య జీవితంలో ఇబ్బంది కలిగించే గుణం ఉంది. కోరిక తగ్గిపోతుంది, లేదా శరీరం సహకరించదు. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ కూడా. ఇది అరుదైన సంగతి కాదు, చాలామందికి ఉంటుంది. వికారంలాగా రెండు వారాల్లో పోయేది కూడా కాదు. భర్త ఎవరికీ చెప్పకుండా బిళ్ళలు మానేస్తాడు. లేదా భార్య దూరంగా ఉంటోందని అతను వేరే అనుమానాలు పెంచుకుంటాడు. ఇల్లు రచ్చకెక్కాక పెద్దల దగ్గరికి, నా దగ్గరికి వస్తారు. అప్పుడు ఆరా తీస్తే కారణం ఒక చిన్న బిళ్ళ. సహోదరులారా, ఇది పాపమూ కాదు, శాపమూ కాదు. డాక్టరుగారి దగ్గర సిగ్గుపడకుండా చెప్పండి. మోతాదు తగ్గించవచ్చు, ఈ ఇబ్బంది తక్కువగా ఉండే వేరే మందుకి మార్చవచ్చు. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి వెళ్ళి అడిగితే ఇంకా మంచిది. చెప్పడానికి నోరు రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి.

ఒళ్ళు చేయడం గురించి ఆడపిల్లలు ఎక్కువ బాధపడతారు. మిర్టజాపిన్, పారోక్సెటిన్, అమిట్రిప్టిలిన్‌లతో బరువు పెరగడం మామూలే, ఆకలి ఎక్కువవుతుంది. నెలకోసారి బరువు చూసుకోవడం, సాయంత్రం ఇద్దరు ముగ్గురు కలిసి చెరువుగట్టు మీద నడవడం మేలు. అంతకన్నా మేలు, ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నిలబడి "ఏమ్మా, బాగా ఒళ్ళు చేశావే" అనే మాట మన నోట రాకపోవడం. ఆ ఒక్క మాటకి మందు మానేసిన పిల్లలున్నారు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన ఫిర్యాదు వేరే ఉంది. "పాస్టర్ గారూ, ప్రార్థనలో కన్నీళ్ళు రావడం లేదు. పాట పాడుతుంటే గుండె కరగడం లేదు. పరిశుద్ధాత్మ దేవుడు నన్ను విడిచిపెట్టేశాడా?" మన సంఘాల్లో కన్నీటి ప్రార్థనకి ఎంత విలువుందో మీకు తెలుసు. మోకాళ్ళ మీద పడి వెక్కి వెక్కి ఏడిస్తేనే ప్రార్థన అనుకునేవాళ్ళం మనం. అలాంటిచోట కన్ను తడవని మనిషికి తాను బయటివాడినని అనిపిస్తుంది.

ఈ మందులు వాడేవాళ్ళలో చాలామంది ఈ మాటే వేరే రకంగా చెబుతారు. దుఃఖం తగ్గింది, దాంతోపాటు సంతోషం కూడా చప్పబడింది. ఏడుపు రాదు, పెద్దగా నవ్వూ రాదు. వైద్యులకు ఇది బాగా తెలిసిన ప్రభావమే. కొందరిలో మోతాదు సరిచేస్తే తగ్గుతుంది, కొందరిలో మందు మార్చాల్సి వస్తుంది. కొందరిలో అది మందు వల్ల కాదు, జబ్బు ఇంకా పూర్తిగా తగ్గకపోవడం వల్ల. ఏది ఏమిటో తేల్చేది డాక్టరుగారు. నేను చెప్పగలిగింది ఇంతే. కన్నీళ్ళు గ్రంథుల పని. బిళ్ళ ఆపగలిగేది కంటినీటిని, దేవుణ్ణి కాదు. ఆరు నెలల క్రితం రోజంతా ఏడ్చి, గుడికి కూడా రాలేకపోయిన మనిషి ఇవాళ పొడి కళ్ళతో వెనక బల్ల మీద కూర్చుని మౌనంగా ప్రార్థిస్తుంటే, ఆ ప్రార్థన తక్కువదని అనడానికి నాకు వాక్యంలో ఎక్కడా ఆధారం దొరకలేదు. ప్రార్థన నడిపించే సహోదరులకి నా మనవి. "కన్నీళ్ళతో ప్రార్థించండి, కన్నీళ్ళు రానివాడి హృదయం బండ" అని మైకులో అనకండి. ఆ మాట ఎవరి మీద పడుతుందో మీకు తెలియదు.

ఇక అసలు ప్రమాదం దగ్గరికి వస్తాను. హఠాత్తుగా మానడం.

స్వస్థత కూటంలో ఒక సహోదరుడు లేచి, "నేను ఇవాళ్టి నుంచి బిళ్ళలు పారేస్తున్నాను" అంటాడు. అందరం హల్లెలూయ అంటాం. మూడో రోజు నుంచి అతనికి కళ్ళు తిరుగుతాయి, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుజివ్వుమంటుంది, చెమటలు, వికారం, పీడకలలు, చిన్నదానికి కోపం, ఊరికే ఏడుపు. పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వాడేవాళ్ళలో ఇది తొందరగా, గట్టిగా వస్తుంది. ఫ్లూయోక్సెటిన్ ఒంట్లో వారాల తరబడి నిలవ ఉంటుంది కాబట్టి దానితో తక్కువ. ఇది మందు ఒక్కసారిగా ఆపడం వల్ల వచ్చే లక్షణమని తెలియని ఇంటివాళ్ళు ఏమనుకుంటారు? ఒకరు దయ్యం తిరగబడింది అంటారు. ఇంకొకరు "ఇవి మత్తు బిళ్ళలు, అలవాటు పడిపోయాడు, అందుకే ఇలా" అంటారు. మూడోవారు జబ్బు ముదిరిందంటారు. ముగ్గురూ పొరపాటే. అతన్ని కూర్చోబెట్టి రాత్రంతా దయ్యాన్ని గద్దించే బదులు, పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళితే ఆ రోజే దారి దొరుకుతుంది.

ఈ మందులు సారాలాగా, గంజాయిలాగా ఇంకా కావాలి ఇంకా కావాలి అనిపించేవి కాదు. కానీ శరీరం వాటికి అలవాటుపడుతుంది. అందుకే దిగేటప్పుడు మెట్టు మెట్టుగా దిగాలి. మోతాదు కొద్దికొద్దిగా, వారాలపాటు, ఒక్కోసారి నెలలపాటు తగ్గించుకుంటూ రావాలి. అది కూడా మనసు కుదుటపడ్డాక కనీసం ఆరు నెలలు వాడి, డాక్టరుగారు సరేనన్నాక. ఒకపూట మర్చిపోతే మర్నాడు రెండు కలిపి మింగొద్దు. గర్భవతి అని తెలియగానే భయపడి మానేసే కోడళ్ళూ కూతుళ్ళూ ఉన్నారు. వాళ్ళూ ముందు డాక్టరునే అడగాలి.

కాబట్టి నా మాట ఇది. మన మందిరంలో బిళ్ళలు పారేశానన్న సాక్ష్యానికి మైకు ఇవ్వను. దేవుడు స్వస్థపరచలేడని కాదు. స్వస్థపరిస్తే అది ఆరు నెలల తర్వాత కూడా ఉంటుంది, డాక్టరు పరీక్షలోనూ నిలుస్తుంది, అప్పుడు సాక్ష్యం చెప్పుకోవచ్చు, తొందరేమీ లేదు. ఈ మాట కొందరు తోటి సేవకులకి నచ్చదని తెలుసు. ఆ సాక్ష్యం విని ఇంకెవరో ఇంటికెళ్ళి తన బిళ్ళలు పారేస్తే, ఆ ఇంట్లో జరిగేదానికి జవాబు చెప్పాల్సింది మైకు ఇచ్చినవాడే.

ఓర్చుకోమని ఇంత చెప్పాను. ఓర్చుకోకూడనివి కూడా ఉన్నాయి. ఒళ్ళంతా దద్దుర్లు లేచి ముఖం వాచినా, రక్తవాంతి అయినా, నల్లటి విరేచనం అయినా ఆగొద్దు. జ్వరం, వణుకు, కండరాలు ఎగరడం, విరేచనాలు, తీవ్రమైన కంగారు, ఇవన్నీ కలిసి వస్తే అది సెరటోనిన్ ఎక్కువైపోయిన లక్షణం కావచ్చు. వెంటనే ఆస్పత్రికి. కాలు ఒకచోట నిలవక, కూర్చోలేక, పడుకోలేక లోపల ఏదో కెలికేస్తున్నట్టుంటే అది కూడా ఆ రోజే చెప్పాలి. ఉన్నట్టుండి నిద్ర లేకపోయినా హుషారుగా, ఆపకుండా మాట్లాడుతూ, డబ్బులు పంచిపెడుతూ, దేవుడు తనకి ప్రత్యేకంగా ఏదో అప్పగించాడంటూ తిరుగుతుంటే, అది ఆత్మాభిషేకం అని తొందరపడకండి. మందు కొందరిలో మనసుని అటు చివరికి తోస్తుంది. అలాగే పాతికేళ్ళలోపు పిల్లల్లో మొదటి వారాల్లో, మోతాదు మార్చిన రోజుల్లో, చచ్చిపోవాలనే ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2004లో పిల్లల విషయంలో హెచ్చరిక పెట్టించి, 2007లో 24 ఏళ్ళ వరకు పెంచింది. మందు ఇవ్వొద్దని దాని అర్థం కాదు. ఆ వారాల్లో పిల్లని ఒంటరిగా వదలొద్దని. బిళ్ళల డబ్బా ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర ఉండాలి. పురుగుమందు డబ్బా అసలు ఇంట్లోనే ఉండకూడదు.

మన ఊరి ఆర్ఎంపీ గారి గురించి కూడా. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది ఆయనే, ఆ సాయం మర్చిపోను. కానీ ఒంటినొప్పులని వెళ్ళినప్పుడు మీ మందుల చీటీ ఆయనకి చూపించండి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు ఈ బిళ్ళలతో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరుగుతుంది. ట్రమడాల్ కలిస్తే నేను పైన చెప్పిన సెరటోనిన్ ముప్పు వస్తుంది. దగ్గు మందుల్లో కూడా కొన్ని కలవకూడనివి ఉన్నాయి. చీటీ లేకపోతే బిళ్ళల షీటైనా జేబులో పెట్టుకు వెళ్ళండి. అది చూపించడానికి సిగ్గుపడే చోటే తప్పు జరుగుతుంది.

2015, 2016 సంవత్సరాల్లో బెంగుళూరు నిమ్హాన్స్ వాళ్ళు జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, డిప్రెషన్ ఉన్నవాళ్ళలో నూటికి 80 మందికి పైగా చికిత్స అందడం లేదని తేలింది. అందినవాళ్ళు అంత కొద్దిమంది. ఆ కొద్దిమందిలో మన బల్లల మీద కూర్చున్నవాళ్ళని వికారానికీ, సూటిపోటి మాటకీ పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. డాక్టరు దగ్గరికి పోను ఛార్జీలు లేవంటే అడగండి, కానుకల పెట్టెలోంచి ఇవ్వడానికి పెద్దలు ఒప్పుకున్నారు. జన ఔషధి దుకాణంలో ఈ మందుల్లో చాలావరకు తక్కువ ధరకే దొరుకుతాయి. పట్నం వెళ్ళే వీలు లేనప్పుడు 14416 కి ఫోను చేస్తే ప్రభుత్వం వారి టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు, రాత్రైనా పగలైనా ఎత్తుతారు. ఫలానా మందుతో నాకు ఇలా ఉంది అని చెబితే ఏం చేయాలో చెబుతారు.

వచ్చే శుక్రవారం ఉపవాస కూడిక ఎప్పటిలాగే ఉదయం పదింటికి. మందులు వేసుకునేవాళ్ళ కోసం మందిరం వెనక వసారాలో తొమ్మిదిన్నరకి రాగి జావ, మజ్జిగ ఉంటాయి. షుగరు బిళ్ళకి తాగేవాళ్ళూ, బీపీ బిళ్ళకి తాగేవాళ్ళూ, మనసు బిళ్ళకి తాగేవాళ్ళూ అందరూ అక్కడికే రావచ్చు. ఎవరు దేనికి తాగుతున్నారో ఎవరూ అడగరు. గ్లాసులు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి.